తోటలలో కలుపు: నేలను దున్నకయే అణచు విధానము

తోటభూములు గల రైతులకు ఏటేట కలుగు వ్యయములలో కలుపుతీత కూలి ముఖ్యమైనది. బత్తాయి, నిమ్మ, మామిడి, జామ తోటలలోను, పెరటి కూరగాయల మళ్లలోను మృగశిర కార్తె వానలు పడిన పదునైదు దినములకే నేల కనబడకుండ కలుపు క్రమ్ముకొనును. రైతు అరక కట్టి చెట్లవరుసలనడుమ దున్నించును; పాదులను పారతో త్రవ్వించును. కొలది దినములు తోట శుభ్రముగ కనబడును. పిమ్మట ఒక వాన పడగనే కలుపు వెనుకటికంటె దట్టముగ మొలచును. మరల దున్నకము, మరల కూలి. ఇట్లు ఒక్క వానకాలములోనే మూడు నాలుగు మారులు జరుగుచుండును.

ఇందుకు రైతుయొక్క అశ్రద్ధ కారణమని తలంచుట న్యాయము కాదు. పెక్కు తోటలలో కలుపును పెంచునది ఆ దున్నకమే. ఇది ఎట్లో, దున్నకుండ కలుపును అణచుటకు ఏమి చేయవలెనో ఈ పత్రమున వివరింపబడినది. ఇందు చెప్పబడిన పద్ధతి చెట్లతోటలకును, కూరగాయల మళ్లకును తగినది. వరిమడులకును, వానపై ఆధారపడు జొన్న, ఆముదము, ప్రత్తి వంటి మెట్టపంటలకును ఇది యథాతథముగ వర్తింపదు.

కలుపు మరల మరల ఏల మొలచును?

సాగులో నున్న నేలయొక్క పై అర అడుగు మట్టిలో కలుపుగింజలు లెక్కకు మించి నిలువయుండును. ఇవి ఒక్క యేటివి కావు. పూర్వము పెక్కేండ్లలో రాలినవి. గింజ మట్టిలో ఎంతకాలము జీవించియుండునో తెలిసికొనుటకై అమెరికా దేశములోని మిచిగన్ రాష్ట్రమున విలియం జేమ్స్ బీల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1879లో ఇరువదికి పైగా జాతుల గింజలను ఇసుకలో కలిపి 20 సీసాలలో పోసి భూమిలో పాతిపెట్టెను. అతని పిదపవారు కొన్ని యేండ్లకొక సీసా చొప్పున వెలికితీసి గింజలను విత్తి చూచుచున్నారు. 2021లో, అనగా 142 సంవత్సరములకు, తీసిన సీసాలోని గింజలలోను కొన్ని మొలకెత్తెను. అన్ని జాతులును ఇంతకాలము బ్రతుకవు; కాని పెక్కు కలుపుజాతుల గింజలు మట్టిక్రింద కొన్ని యేండ్లు నిద్రించి యుండగలవని రైతులు గుర్తెరుంగవలెను.

ఈ నిద్రను చెరుచునవి ముఖ్యముగ వెలుతురు, వేడి, గాలి, తేమ. చిన్నగింజల కలుపులలో పెక్కింటికి వెలుతురు సోకినగాని మొలక రాదు. మఱియు చిన్నగింజకు నిలువయాహారము స్వల్పము గనుక రెండంగుళములకు మించిన లోతునుండి దాని మొలక సాధారణముగ పైకి రాజాలదు. నాగలి వేసినప్పుడు అడుగుననున్న గింజలు పైకి వచ్చును. వాటికి వెలుతురు సోకును. మొలకకు అనువైన మెత్తని దుక్కియు ఏర్పడును. రైతు తన పంటకై ఏమేమి చేయునో, అవియన్నియు కలుపునకును చేసినవాడగును. నేటి కలుపు చచ్చును గాని రేపటి కలుపు విత్తబడును.

నేలను కదలింపనియెడల పై అంగుళము మట్టిలోని గింజలు మాత్రమే మొలచును. వాటిని పువ్వు పూయనీయక నాశనము చేసి, క్రొత్తగింజ రాలకుండ చూచినచో రెండు మూడేండ్లలో పైపొరలోని నిలువ చాలవరకు తరిగిపోవును. నేలపై పడియున్న గింజలను చీమలు, పురుగులు, పక్షులు తినివేయుటయు ఇందుకు తోడ్పడును. లోతుననున్న గింజలు అక్కడనే యుండిపోవును. వాటిని లేపకుండుటయే మేలు.

దున్నకమువలన చెట్లకు కలుగు నష్టము

బత్తాయి, నిమ్మ చెట్లకు ఆహారము, నీరు గ్రహించు పీచువేళ్లు ఎక్కువభాగము నేలయొక్క పై అడుగు, అడుగున్నర లోతులోనే యుండును. చెట్లక్రింద నాగలి నడిపినప్పుడెల్ల ఈ వేళ్లు తెగిపోవును. తెగిన గాయములనుండి నేలలోని శిలీంధ్రములు ప్రవేశించి వేరుకుళ్లు, బంకతెగులు వంటి వ్యాధులు కలుగుటకు అవకాశము కలదు. దున్నినపిమ్మట చెట్టు కొంతకాలము వాడి, పిందె రాల్చుటకు ఇట్టి వేళ్ల తెగుట ఒక కారణము.

తెలంగాణమునందలి ఎఱ్ఱచల్కలలో మఱియొక నష్టము కలదు. ఈ నేలలు తేలికవి. సేంద్రియ పదార్థము తక్కువ. దున్ని వట్టిగ విడిచిన చల్కపై పెద్దవాన పడగనే పైమట్టి కొట్టుకొనిపోవును. పిమ్మట ఎండకు పైపొర గట్టిపడి పెచ్చుకట్టును. తరువాతి వాననీరు లోపలికి ఇంకక పారిపోవును. నేలను కప్పియుంచిన తోటలో ఈ రెండును తగ్గును.

కలుపులోని రెండు తెగలు

పనికి పూనుకొనుటకు ముందు తోటలోని కలుపు ఏ తెగకు చెందినదో రైతు కనిపెట్టవలెను. ఏకవార్షికములు గింజవలన మాత్రమే వ్యాపించును. గురుగు, వాయింట, ముళ్లతోటకూర, పల్లేరు, వయ్యారిభామ మున్నగునవి ఇట్టివి. వీటిని పువ్వునకు ముందు కోసినను, వెలుతురు తగులకుండ కప్పినను అణగిపోవును.

బహువార్షికములు గింజకంటె ఎక్కువగ దుంపలచేతను, ప్రాకుకాడలచేతను వ్యాపించును. తుంగ, గరిక, దర్భ ఇట్టివి. వీటిని ఒక్క మారు కోసినంతమాత్రమున చావవు. కప్పును చీల్చుకొని రాగలవు. తోట వేయుటకు ముందే వీటి పని పట్టుట ఉత్తమము.

తోట వేయుటకు పూర్వము

దున్నకుండుట అను నియమము తోట నాటిన నాటినుండి ప్రారంభమగును. అంతకుముందు తుంగ, గరిక బలసియున్న నేలను వేసవిలో లోతుగ దున్నుట మంచిది. ఎండవేసవిలో పైకివచ్చిన తుంగదుంపలును గరికకాడలును కొన్ని దినములు మండుటెండకు ఎండినచో చచ్చును. ఒక్క దుక్కితో నిలువక, కొన్ని దినముల ఎడముతో రెండు మూడు మారులు త్రిప్పి, కాడలను ఏరివేయవలెను. నేల తడిగ నున్నప్పుడు ఈ పని చేసినయెడల దుంపలు ముక్కలై, ప్రతి ముక్కయు క్రొత్త మొక్కయగును.

కూరగాయల మళ్లవంటి చిన్నస్థలములలో సూర్యరశ్మితో నేలను కాచుట మఱియొక ఉపాయము. ఈ పద్ధతిని ఇజ్రాయేలు దేశమున జాకబ్ కటాన్ అను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1976లో ప్రకటించిరి. మడిని చదునుచేసి, బాగుగ తడిపి, దానిపై పలుచని తెల్లని పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను పరచి, అంచులను మట్టితో మూసివేయవలెను. ఏప్రిలు, మే నెలలలో 4 మొదలు 6 వారములు ఇట్లుంచిన పైమట్టి మిక్కిలి వేడెక్కి, పైపొరలోని పెక్కు కలుపుగింజలు చచ్చును. పొరను తీసిన పిమ్మట మడిని త్రవ్వరాదు. త్రవ్వినచో అడుగుననున్న మంచిగింజ పైకి వచ్చి శ్రమ వ్యర్థమగును. తుంగదుంపలు ఈ వేడికి సాధారణముగ పూర్తిగ చావవు. వాడిన ప్లాస్టిక్‌ను చింపి పొలములో విడువక ఏరి తీసివేయవలెను.

నేలను కప్పుట

తోట నాటినపిమ్మట ముఖ్యసాధనము నేలకప్పు. వెలుతురు తగులని గింజ మొలవదు. మొలచినను కప్పును దాటలేక పాలిపోయి చచ్చును. కప్పుక్రింద తేమ నిలిచి నీటితడులు కొంత తగ్గును. కప్పు క్రుళ్లి ఎరువగును.

వరిగడ్డి, జొన్నచొప్ప పశువులకు కావలసినవి. వాటిని చెట్లక్రింద పరచుమని చెప్పుట రైతునకు ఉపకారము కాదు. పశువులు తినని పదార్థములు పెక్కు గలవు. వేరుశనగ పొట్టు, ఆముదపు పొట్టు, చెఱకుతోటలోని ఎండుటాకు, గట్లమీది కానుగ, వేప, గ్లిరిసీడియా రొట్ట, తంగేడు, వెంపలి, గింజకట్టని కలుపుమొక్కలు ఇందుకు పనికివచ్చును.

కావలసిన పరిమాణమును చూచి రైతులు భయపడుదురు. తోటనంతయు కప్పవలసిన పనిలేదు. 20 అడుగుల ఎడముతో నాటిన బత్తాయితోటలో ఎకరమునకు 108 చెట్లుండును. ఒక్కొక్క చెట్టుచుట్టు 4 అడుగుల వ్యాసార్ధము గల పాదు సుమారు 50 చదరపు అడుగులగును. 108 పాదులును కలిపి 5,400 చదరపు అడుగులు, అనగా ఎకరములో ఎనిమిదవ వంతు మాత్రమే. ఈ ఎనిమిదవ వంతును కప్పుతోను, తక్కిన యేడు వంతులను క్రింద చెప్పబోవు పైరుతోను కాపాడవచ్చును. ఆ పైరును కోసిన రొట్టయే పాదులకు కప్పగును గనుక బయటినుండి తేవలసినది క్రమముగ తగ్గును.

కప్పు పరచు క్రమము: మొదట పాదులోని కలుపును నేలమట్టమునకు కోయవలెను, పెఱికి నేలను కదలింపరాదు. నేల ఎండియున్నచో తడిపి, దానిపై మాగిన పశువులయెరువును పలుచగ చల్లవలెను. పిమ్మట 4 అంగుళముల మందమున కప్పు పరచవలెను. రెండంగుళములకంటె పలుచనైన కప్పు కలుపును ఆపదు; అరడుగునకు మించిన తడికప్పు గాలిని ఆపివేయును. కలుపు మిక్కుటమైన చోట పాత కాగితపు అట్టలనో, చినిగిన గోనెలనో నేలపై అంచులు కలిసియుండునట్లు పరచి, వాటిపై కప్పు వేసిన బాగుగ పనిచేయును. కప్పు క్రుంగినప్పుడెల్ల మరల నింపుచుండవలెను.

ఈ విషయమున నాలుగు జాగ్రత్తలు అవసరము.

మొదటిది: కప్పు చెట్టుమొదలును తాకరాదు. మొదలుచుట్టు ఒక అడుగు ఖాళీ విడువవలెను. తడికప్పు బెరడును తాకియున్నచో బత్తాయి, నిమ్మలకు బంకతెగులు సోకు ప్రమాదము కలదు.

రెండవది: చల్కలలో ఎండుకప్పునకు చెదలు పట్టును. పుల్లలు, కట్టెలు వేయక, ఆకురొట్టను వాడవలెను. కప్పుక్రింద వేపపిండి చల్లుట మంచిది. చెదలపుట్టలు లేత మొక్కల దరినున్నచో ముందుగనే వాటిని తీసివేయవలెను.

మూడవది: వేసవిలో ఎండుకప్పు నిప్పురవ్వకు అంటుకొనును. చుట్ట, బీడీ కాల్చుచు తోటలో తిరుగనీయరాదు. తోటచుట్టు నాలుగైదు అడుగుల మేర ఎండుగడ్డి లేకుండ శుభ్రపరచి యుంచవలెను.

నాలుగవది: ఱంపపుపొట్టు, వరి ఊక వంటి సారము లేని పదార్థములను మట్టిలో కలుపరాదు. అవి క్రుళ్లునప్పుడు నేలలోని నత్రజనిని కొంతకాలము బంధించును. చెట్టు ఆకులు పసుపుబారును. పైన పరచినంతమాత్రమున ఈ దోషము స్వల్పము.

చెట్లవరుసలనడుమ పైరు

నేల వట్టిగ నున్నచో ఏదో ఒకటి మొలచితీరును. రైతు తనకు పనికివచ్చు మొక్కను అక్కడ పెంచినచో కలుపునకు చోటు లేకపోవును. జూన్ నెలలో మంచివాన పడగనే, ఉన్న కలుపును నేలమట్టమునకు కోసి, ఆ కోతక్రిందనే ఎకరమునకు 15 మొదలు 20 కిలోల జనుమును వెదజల్లవచ్చును; లేదా కఱ్ఱతో చిన్నగుంటలు చేసి అలసందలను వేయవచ్చును. దట్టముగ పెరిగిన జనుము నీడకు కలుపు నిలువజాలదు. పూత మొదలైనప్పుడు, అనగా సుమారు 45 దినములకు, దానిని కోసి అక్కడనే పరచవలెను. కొంత పాదులకు చేర్చవలెను. కాడ ముదిరినచో కోతయు కష్టము, క్రుళ్లుటయు ఆలస్యము. పుబ్బ కార్తెలో ఉలవలను చల్లినచో అవి స్వల్పమైన తేమతోనే నేలను చాపవలె కప్పుకొనును. పశువులకు మేతయు లభించును. పిల్లిపెసర కూడ ఇట్లే పనికివచ్చును.

పచ్చపైరు అన్నివేళల మేలుచేయునని తలంపరాదు. ఆల్బర్ట్ హోవర్డ్ దొర 1924లో ఇందూరు సంస్థానమునకు పోవుటకు ముందు బీహారులోని పూసాలో పండ్లచెట్లక్రింద గడ్డిని పెంచి పరీక్షలు చేసెను. గడ్డి కప్పిన చెట్లు కుంగిపోయెను. ముఖ్యముగ లేతచెట్లు మిక్కిలి దెబ్బతినెను. కావున గడ్డిజాతిని చెట్లమొదళ్లవరకు రానీయరాదు. పాదులను కప్పుతో ఉంచి, నడిమిస్థలములో పప్పుజాతి పైరునే వేసి, వానలు వెనుకపట్టగనే దానిని కోసివేయవలెను. వేసవిలో పచ్చపైరు చెట్టునకు రావలసిన నీటిని త్రాగును. కోసి పరచిన పైరు ఆ నీటిని కాపాడును.

నీరు పెట్టుటలోను ఇదే వివేకము కావలెను. నీరు పారిన చోటనెల్ల కలుపు మొలచును. పాదులకు మాత్రమే నీరు పెట్టినను, బిందుసేద్యపు గొట్టములు వాడినను, నడిమినేల వేసవియంతయు ఎండియుండి కలుపు తలయెత్తదు.

గింజ రాలనీయరాదు

ఈ పద్ధతికి ప్రాణమైన నియమము ఇదియే. ఎంత చక్కగ కప్పినను అక్కడక్కడ కొన్ని కలుపుమొక్కలు వచ్చును. పది పండ్రెండు దినములకొకసారి తోటలో నడచి, వాటిని మొగ్గదశలో కొడవలితోగాని దోకుడుపారతోగాని నేలమట్టమునకు కోసివేయవలెను. మొగ్గతొడుగునాటికి మొక్క తన బలమునంతయు పైకి పంపియుండును. అప్పుడు క్రింది ఆకులకును దిగువగ కోసిన ఏకవార్షికములు చాలవరకు మరల చిగురింపవు. పువ్వు వచ్చిన తరువాత కోసి పడవేసిన మొక్కలలో కొన్ని నేలపైననే గింజ పండించును గనుక అట్టివానిని తోటలో విడువరాదు.

గింజ బయటినుండియు వచ్చును. పశువులు మేసిన గడ్డిగింజలలో కొన్ని పేడలో సజీవముగనే యుండును. పచ్చిపేడయెరువును తోటకు తోలుట కలుపును విత్తుటతో సమానము. హోవర్డ్ దొర, యశ్వంత్ వాడ్ కలిసి 1931లో ప్రకటించిన ఇందూరు పద్ధతి ప్రకారము చెత్తను, పేడను పొరలుగ వేసి, తడిపి, త్రిప్పుచు మాగపెట్టినచో కుప్పలోపలి వేడికి కలుపుగింజలు చాలవరకు నశించును. గట్లమీదను, కాలువవెంటను, తోటదారిలోను కలుపును పండనీయరాదు. పొరుగుపొలములో తిరిగిన గుంటకను, గొఱ్ఱును కడిగినపిమ్మటనే తోటలోనికి తేవలెను.

తుంగ, గరిక, వయ్యారిభామ

తుంగ: ఒక మొక్కక్రింద దుంపలు గొలుసువలె అల్లుకొనియుండును. వీటిలో ఎక్కువభాగము పై అర అడుగులోనే యుండును. గొలుసు తెగకయున్నంతవరకు వెనుకటి దుంపలు నిద్రించుచుండును. పారదెబ్బకు తెగగనే ప్రతిదుంపయు స్వతంత్రముగ మొలచును. అందుచేత నాటిన తోటలో తుంగను త్రవ్వుట దానిని పంచిపెట్టుటయే. తుంగకు నీడ సరిపడదు. దట్టమైన జనుము, అలసంద నీడలో అది బలహీనపడును. నాలుగైదు ఆకులు వచ్చినప్పుడెల్ల విసువక కోయుచున్నచో దుంపలోని బలము తరుగును. ఈ పని ఒక ఏట ముగియదు. ఒక వానకాలము ఉపేక్షించినను మొదటికి వచ్చును.

గరిక: ఇది కప్పుమీదుగ ప్రాకుచు వచ్చును. పాదుల అంచులను నెలకు రెండుమారులు చూచి, లోనికి వచ్చు కాడలను కోసి బయట ఎండబెట్టవలెను. ఇది పశువులకు మంచిమేత.

వయ్యారిభామ: ఈ మొక్క మన దేశమున 1955 ప్రాంతమున పూనావద్ద కనిపెట్టబడి, పిమ్మట దేశమంతట వ్యాపించెను. మొలచిన నెల దాటగనే పూయును. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. దీని పుప్పొడి, ఆకులు కొందరికి చర్మమున దురదను, దద్దులను, ఉబ్బసమును కలిగించును. చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, వాన పడిన మరునాడు పువ్వునకు ముందే వేరుతో పెఱుకవలెను. లాగిన గుంటను కాలితో అదిమి కప్పు వేయవలెను. పువ్వురాని మొక్కలను ఎరువుకుప్పలో వేయవచ్చును. దీని ఆకులను తిను ఒక పెంకుపురుగును మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరువద్ద విడిచిరి. అది నేడు పెక్కుచోట్ల వ్యాపించియున్నది. వానకాలమున ఆకులను తిని, ఎండకాలమున ఆ పురుగు మట్టిలో దాగియుండును. దానిని చూచిన రైతులు చంపరాదు. గట్లపైన తంటెపుచెట్టును పెరుగనిచ్చినచో వయ్యారిభామ అక్కడ తగ్గును.

కలుపును చంపుటకై కొందరు ఉప్పునీరు చల్లుదురు. ఉప్పు కలుపును కాల్చును గాని నేలలో మిగిలి చెట్టునకును చేటు తెచ్చును. అట్లు ఎన్నడును చేయరాదు.

ఫలితము ఎప్పుడు కనబడును?

మొదటి సంవత్సరమున కూలి తగ్గునని ఆశింపరాదు. కప్పు తెచ్చుటకును, మొగ్గదశలో కోయుటకును దున్నకమునకైనంత పని పట్టును. ఒకప్పుడు అంతకు మించియు పట్టవచ్చును. ఈ యేడాదియే పలువురు విసిగి మరల నాగలి కట్టుదురు. ఒక్క దుక్కితో అంతవరకు చేసిన పని పాడగును. రెండవ సంవత్సరమున ఏకవార్షికముల మొలకలు పలుచబడును. మూడవ సంవత్సరమునకు, గింజ రాలనీయని తోటలో, మిగిలిన పని ముఖ్యముగ తుంగ, గరికలతోనే యుండును. అప్పటికి చెట్ల నీడయు విస్తరించి తోడ్పడును. తోటనంతయు ఒక్కసారి మార్చుటకు సంశయించువారు మొదట పది చెట్ల వరుసను ఈ పద్ధతిలో ఉంచి, తక్కినదానితో పోల్చి చూచుకొనవచ్చును.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన విషయములు

1. తుంగ, గరికలను తోట నాటుటకు ముందు వేసవిదుక్కితో ఎండబెట్టవలెను. నాటిన పిమ్మట చెట్లనడుమ నాగలి నడుపరాదు.

2. పాదులలో 4 అంగుళముల కప్పు. చెట్టుమొదలునకు ఒక అడుగు ఎడము.

3. వరుసలనడుమ వానకాలమున జనుము లేక అలసంద, పిమ్మట ఉలవ, పూతలో కోత, వేసవిలో పచ్చపైరు లేకుండుట.

4. మాగని పేడయెరువు తోటకు తోలరాదు.

5. పది పండ్రెండు దినములకొకసారి మొగ్గదశలోని కలుపును నేలమట్టమునకు కోయవలెను.

6. నీరు పాదులకే పరిమితముగ నుండవలెను.

7. వేసవిలో నిప్పునుండియు, చల్కలలో చెదలనుండియు కప్పును కాపాడవలెను.

8. మూడేండ్లు పట్టుదలతో సాగింపవలెను. కలుపు ఒక్క యేడు పండినయెడల దాని గింజ పెక్కేండ్లు మొలచుచుండును.